డోళ్ళ ఇంటి రాక్షసుడు ఎవరికి విధేయుడు?

ప్రశ్న:

అక్కా, నమస్తే. నాకు 23 ఏళ్ళు. ఊరు ఖమ్మం దగ్గర, ఉద్యోగం హైదరాబాద్‌లో. పోయిన సెప్టెంబర్‌లో 'ఇన్ఫినిటీ కాజిల్' సినిమా తెలుగు డబ్బింగ్‌లో చూశాక, 'డీమన్ స్లేయర్' మొదటి సీజన్ నుంచి మళ్ళీ చూడటం మొదలుపెట్టాను. అందులో ఒంటి మీద డోళ్ళు మొలిచిన రాక్షసుడు క్యోగై చచ్చిపోతుంటే నాకు ఏడుపొచ్చింది. రూమ్మేట్స్ చూసి నవ్వారు. "మనుషుల్ని పీక్కుతిన్నవాడి కోసం ఏడుస్తావేంట్రా" అన్నారు. వాళ్ళకు జవాబుగా అతని గురించి ఒక వ్యాసం రాద్దామని కూర్చున్నాను. సాగట్లేదు. అతని భయం కొంచెం తెలుస్తోంది గానీ విధేయత మాత్రం అంతుపట్టట్లేదు. పనికిరావని పక్కన పడేసిన రాక్షసుల రాజు ముజాన్ దగ్గరికే మళ్ళీ పోవాలని ఎందుకంత తాపత్రయం? అతను నిజంగా ఎవరికి విధేయుడు? ఇలాంటివాడి మీద జాలిపడటం తప్పా?

ఇంకో సంగతి. నేనూ కథలు రాసేవాణ్ణి. పోయినేడాది మా పెదనాన్న నా నోట్‌బుక్ తిరగేసి "ఇదీ ఒక రాతేనా" అని బల్ల మీద పడేశారు. అప్పట్నుంచి రాయలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు లెండి. ఊరికే చెప్పాను.

జవాబు:

తమ్ముడూ,

నీ ఉత్తరంలో చివరి నాలుగు ముక్కలు రెండుమూడుసార్లు చదివాను. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు నువ్వడిగింది చూద్దాం.

ఈ యానిమే, అంటే జపాన్ యానిమేషన్ సీరియల్, చూడనివాళ్ళ కోసం కొంచెం కథ చెప్పాలి. కోయోహారు గోటోగే 2016 నుంచి 2020 దాకా నడిపిన మాంగా (జపాన్ బొమ్మల కథ) ఇది. మొత్తం 205 అధ్యాయాలు, 23 సంపుటాలు. 2019లో యుఫోటేబుల్ స్టూడియో దాన్ని యానిమేగా తీసింది. కథ జరిగేది జపాన్‌లో తైషో యుగంలో, అంటే 1912కీ 1926కీ మధ్య. రాత్రిళ్ళు మనుషుల్ని తినే రాక్షసులుంటారు. వాళ్ళకు మూలం ముజాన్. తన రక్తమిచ్చి మనుషుల్ని రాక్షసులుగా మారుస్తాడు. అతని కొలువులో పన్నెండుమంది ముఖ్యులు, పైవరస ఆరుగురు, కిందివరస ఆరుగురు. ఎవరి అంకె వాళ్ళ కంట్లోనే చెక్కి ఉంటుంది. క్యోగై ఒకప్పుడు కిందివరసలో ఆరోవాడు, అంటే పన్నెండుమందిలోనూ ఆఖరివాడు. ఆ ఆఖరి పీట కూడా పోయింది. మనుషుల్ని మునుపటిలా తినలేకపోతున్నాడని ముజాన్ అతని అంకె తీసేశాడు. అంకె కంట్లో ఇప్పటికీ కనిపిస్తుంది, దాని మీద కొట్టేసిన గుర్తు కూడా కనిపిస్తుంది. బడి రిజిస్టర్‌లో ఒక పేరు మీద ఎర్రసిరాతో గీత గీస్తే ఆ పేరు అక్కణ్ణుంచి పోదు కదా, కొట్టేసిన పేరుగా అక్కడే ఉండిపోతుంది. ఇతను ఆ గీతను కంట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా అదే కనిపిస్తుంది.

205 అధ్యాయాల కథలో ఇతని వాటా అయిదారు అధ్యాయాలకు మించదు. యానిమేలో 11 నుంచి 13 దాకా మూడు ఎపిసోడ్లు. హీరో తంజిరో రాక్షసుల్ని వేటాడే పనికి ఇంకా కొత్తవాడు, అంతకుముందు పోరాటంలో పక్కటెముకలూ కాలూ విరిగి ఉన్నాయి. అడవి మధ్య ఒక ఇల్లు. లోపల డోలు మోగుతుంటుంది, మోగినప్పుడల్లా గదులు తిరుగుతుంటాయి. కుడి భుజం మీది డోలు కొడితే గది కుడికి దొర్లుతుంది, ఎడమది కొడితే ఎడమకి. కాళ్ళ మీదివి కొడితే ముందుకీ వెనక్కీ. పొట్ట మీది డోలు కొడితే కంటికి కనపడని గోళ్ళు గీరినట్టు చాపల మీద చీలికలు పడతాయి.

ఆ డోలు పేరు త్సుజుమి. నో, కబుకి అనే జపాన్ సంప్రదాయ నాటకాల్లో వాయిస్తారు. నడుము సన్నగా ఉండి, మన బుడబుక్కలవాళ్ళ చేతిలోని డమరుకాన్ని పెద్దది చేసినట్టు ఉంటుంది. చిన్న రకాన్ని భుజానికి ఆనించి పట్టుకుని రెండో చేత్తో కొడతారు. క్యోగై భుజాల మీద డోళ్ళు మొలిపించడం ఊరికే భయపెట్టడానికి గీసిన గీత కాదని నాకనిపిస్తుంది. వాయించే మనిషి ఆ వాయిద్యాన్ని ఎక్కడ పెట్టుకుంటాడో సరిగ్గా అక్కడే మొలిచింది. మనిషైతే వాయించడం అయ్యాక కింద పెట్టేసి అన్నానికి లేస్తాడు. ఇతను కింద పెట్టలేడు. ఇష్టమైన పని ఒంట్లో భాగమైపోయింది, దాన్నుంచి తప్పించుకునే దారి లేదు.

నీ వ్యాసం ఇక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు. కానీ నువ్వు ఇరుక్కున్నది విధేయత దగ్గర కాబట్టి ఒక్క మాట చూపిస్తాను. ఈసారి జపనీస్ ఆడియో పెట్టుకుని విను. క్యోగై తనను తాను 'శోసెయ్' అని చెప్పుకుంటాడు. జపాన్ భాషలో 'నేను' అనడానికి చాలా మాటలున్నాయి. ఇది మగవాళ్ళు, ముఖ్యంగా చదువుకున్నవాళ్ళు, రాతకోతలు తెలిసినవాళ్ళు, ఉత్తరాల్లో తమను తగ్గించుకుని రాసుకునే పాతకాలపు మాట. మన పెద్దవాళ్ళు ఉత్తరం చివర 'తమ విధేయుడు' అని సంతకం పెట్టేవాళ్ళే, ఇంచుమించు ఆ వరస. ఇప్పుడు దృశ్యం ఊహించుకో. నా ఇంట్లోకి చొరబడ్డారు, నా వేటను నాకు కాకుండా చేస్తున్నారు అని ఒక రాక్షసుడు కోపంతో గొణుగుతున్నాడు. ఆ 'నా' అనే ప్రతిచోటా వినిపించేది వినయంగా వంగిన మాట. మనుషుల్ని తినేటప్పుడు కూడా అతను ఎవరికో వినయంగా ఉత్తరం రాస్తున్నవాడిలాగే మాట్లాడతాడు. విధేయత ఎక్కడుందని అడిగావు కదా. ఎవరి మీదా అని వెతికేముందు ఇది గమనించు. ఎదుట ఎవరూ లేకపోయినా వంగి ఉండే అలవాటు అతనికి ముందే ఉంది.

ఇక అతను జ్ఞాపకం చేసుకునే ఘట్టం. క్యోగై రాసేవాడు, కాగితాల నిండా చేత్తో రాసుకున్న కథలు. ఒక మనిషి ఇంటికొచ్చి ఆ కాగితాలు చదివి నోటికొచ్చినట్టు అంటాడు. నువ్వు రాసేదంతా చెత్త, అందం లేదు, భయం పుట్టించే గుణం లేదు, కాగితం దండగ, రాయడం మానెయ్ అంటాడు. అంతటితో ఆగడు. ఈమధ్య పగలు బయటికే రావట్లేదు, అందుకే ఇలా తయారయ్యావు, నీకిష్టమైన డోలు కొట్టుకుంటూ ఈ ఇంట్లోనే పడి ఉండు, అదైనా ఇంకొకరికి నేర్పేంత గొప్పగా లేదులే అంటాడు. అని, కాగితాలను తొక్కుకుంటూ పోతాడు. క్యోగై అతన్ని అక్కడికక్కడే చంపేస్తాడు. (పగలు బయటికి రావట్లేదన్న మాటను బట్టి అప్పటికే రాక్షసుడయ్యాడని అర్థమవుతుంది. రాక్షసులకు ఎండ తగిలితే చావే.)

ఈ ఘట్టంలో అందరూ చూసేది అవమానాన్ని, హత్యను. నువ్వు ఆ మనిషి చెప్పిన సలహా చూడు. డోలు కొట్టుకుంటూ ఈ ఇంట్లోనే పడి ఉండమన్నాడు. తర్వాత తంజిరో వచ్చేసరికి క్యోగై ఏం చేస్తున్నాడు? డోలు కొట్టుకుంటూ ఆ ఇంట్లోనే ఉన్నాడు. ఆ మనిషిని చంపాడు, ఆ మాటను మాత్రం అక్షరం పొల్లుపోకుండా పాటించాడు. మళ్ళీ కలం పట్టినట్టు కథ ఎక్కడా చూపించదు. నాకైతే అతని దాచిన విధేయత మొదటగా కనిపించింది ఇక్కడే. తనను తక్కువ చేసిన తీర్పుకే లోబడిపోయాడు.

ముజాన్ దగ్గర జరిగింది పోల్చి చూడు. క్యోగై ఒంటికి మునుపటిలా తిండి పట్టట్లేదు. అది అతని తప్పు కూడా కాదు, ఒంటికి ఎంత చేతనవుతుందో అంతే. ఇంకా చేయగలనని బతిమాలుకుంటాడు. ఇక చాలు, నీ శక్తి ఇంతే అని ముజాన్ అంకె తీసేస్తాడు. ఇంటికొచ్చినవాడు, రాక్షసుల రాజు, ఇద్దరూ చెప్పింది ఒకటే. నీ కొలత ఇంతే. మొదటిసారి చెప్పింది మనిషి గనక చంపగలిగాడు. రెండోసారి చెప్పినవాణ్ణి చంపడం తన వల్ల కాదు. అందుకని తీర్పు మార్పించుకోవాలని చూస్తున్నాడు. దానికో దారి దొరికింది. 'మారెచి' అని అరుదైన రక్తం ఉన్న మనుషులుంటారు, అలాంటివాణ్ణి ఒక్కణ్ణి తింటే యాభైమందినో వందమందినో తిన్నంత బలం. కియోషి అనే పిల్లవాడు అలాంటివాడు. ఎక్కువ తినలేని క్యోగైకి అంతకంటే ఇంకేం కావాలి? వాణ్ణి తెచ్చి తన ఇంట్లో పెట్టుకున్నాడు. ఈలోగా వేరే రాక్షసులు వాసన పట్టి వచ్చి కొట్లాడటంతో ఒంటి మీది డోలొకటి ఊడిపడింది. పిల్లవాడు దాన్ని అందుకుని కొట్టాడు, గది మారిపోయింది, వాడు తప్పించుకున్నాడు.

ఇక్కడ ఒక పొరపాటు చేయకు. ముజాన్ కోసం ఇదంతా చేస్తున్నాడు కాబట్టి ముజాన్ అంటే భక్తి అని రాసేయకు. ఈ కథలో ముజాన్‌కు అందరూ భయపడతారు. అతని పేరు పలికితే చాలు, రక్తంలోని శాపం లోపల్నుంచి చీల్చి చంపేస్తుంది. సుసమారు అనే బంతుల రాక్షసి అలాగే పోయింది. కాబట్టి ముజాన్‌కు లోబడటం ఏ రాక్షసుడి గుణాన్నీ విడిగా చెప్పదు, అది వాళ్ళ రక్తంలోనే ఉంది. దాన్ని పక్కన పెట్టాక ఇంకా ఏం మిగిలిందో చూడు. క్యోగై విషయంలో మిగిలేది ముజాన్ మనిషి కాదు, ముజాన్ కూర్చున్న పీట. ఎవరు ఆ పీట మీద కూర్చుని 'నువ్వు ఇంత' అని చెబితే వాళ్ళ వైపు తిరుగుతాడు.

దీనికి రుజువు అతని చావులోనే ఉంది. దానికి ముందు కాగితాల సంగతి చెప్పాలి.

గదులు దొర్లుతున్నాయి, చేత్తో రాసిన కాగితాలు నేలంతా చెదిరిపోయాయి. తంజిరో గాల్లోంచి కిందికి దిగుతున్నాడు. పాదం సరిగ్గా ఒక కాగితం మీద పడబోతోంది. ఆఖరి క్షణంలో ఒళ్ళు మెలితిప్పి పక్కకు దిగుతాడు. అవతల ప్రాణం తీయడానికి కాచుకుని ఉన్న శత్రువు, ఇవతల విరిగిన పక్కటెముకలు. అలాంటప్పుడు కూడా ఎవరో రాసుకున్న దాన్ని తొక్కకూడదని కాలు తనంతట తాను తప్పుకుంది. క్యోగై అది చూస్తాడు, ఒక్క క్షణం నిర్ఘాంతపోతాడు.

జపాన్‌వాళ్ళు దీన్ని ఎలా చూస్తారో వాళ్ళే చెప్పాలి. మనకైతే వివరం అక్కర్లేదు. పుస్తకం కాలికి తగిలితే వంగి, తీసి, కళ్ళకద్దుకునే ఇళ్ళలో పెరిగాం. అది లెక్కల పుస్తకమా, పాత పేపరా అని చూడం. నాలుగో తరగతిలో నేను పలక దాటానని మా అమ్మమ్మ నాచేత దానికి దణ్ణం పెట్టించింది. తంజిరో మనసులో సరస్వతి లేదు, నిజమే. కానీ ఆ పాదం తప్పుకోగానే మన గుండె ఎందుకు పట్టేస్తుందో నీ రూమ్మేట్స్‌ని అడుగు. వాళ్ళకూ తెలుసు, ఒప్పుకోరంతే.

ఇంకో చిన్న విషయం చాలామంది గమనించరు. అదే ఇంట్లో పందితల వేసుకుని ఇనోసుకే అనే మరో వేటగాడు దూకుతుంటాడు. వాడు కియోషి చెల్లెలు 'తెరుకో'ను, ఆ చిన్నపిల్లను, తొక్కి మరీ ఎగురుతాడు. తంజిరో మండిపడి వాణ్ణి విసిరేస్తాడు. కాగితాలు తొక్కిన మనిషి, పిల్లను తొక్కిన ఇనోసుకే, దేన్నీ తొక్కని తంజిరో. ఈ మూడు ఎపిసోడ్లూ కాళ్ళ మీదే నడుస్తాయి. ఇంతవరకూ ఎవరైనా ఈ కోణంలో రాశారో లేదో గానీ, నేనైతే నీ వ్యాసంలో దీనికి ఒక పేజీ ఇస్తాను.

ఆ కాగితాలు ఇంకా ఆ ఇంట్లో ఎందుకున్నాయో ఆలోచించావా? చెత్త అన్నారు, తొక్కారు. తనూ ఆ మాట నమ్మి రాయడం మానేశాడు. అయినా కాల్చేయలేదు, పారేయలేదు. చంపిన మనిషి పోయాడు, అంకె పోయింది, తిండి తగ్గింది, కాగితాలు మాత్రం ఉన్నాయి. నువ్వు వెతుకుతున్న అసలు విధేయత ఇదే, తమ్ముడూ. పైకి ముజాన్ అంకె, లోపల ఈ కాగితాలు. దీన్ని అతను తనకు కూడా ఒప్పుకోలేదు. ఒప్పుకుంటే, తొక్కించుకున్నవాటినే ఇంకా ప్రేమిస్తున్నానని ఒప్పుకోవాలి. అది చావుకంటే కష్టం అతనికి.

భయం కూడా ఇక్కడే తేలుతుంది. అదే పోరాటం మధ్యలో తంజిరో తనకు తనే ధైర్యం చెప్పుకుంటాడు. ఇప్పటిదాకా బాగానే చేశాను, నేను చేయగలవాణ్ణే, విరిగినా సరే చేస్తాను, పెద్దకొడుకుని కాబట్టి ఓర్చుకుంటున్నాను అని. అభిమానులు సరదాగా చెప్పుకునే చోటు అది. నాకది ఆ ఎపిసోడ్ ఆయువుపట్టులా అనిపిస్తుంది. ఒకే గదిలో ఇద్దరున్నారు. ఒకడికి తను పనికొస్తానని తనే చెప్పుకోవడం వచ్చు. రెండోవాడికి ఆ మాట బయటినుంచే రావాలి. రాకపోతే తను లేనట్టే. క్యోగై భయపడేది చావుకు కాదు. తన గురించి ఆఖరిమాటగా ఎవరో అన్న 'చెత్త' నిలిచిపోతుందేమోనని. అందుకే ఇంటిని అలా తిప్పుతుంటాడేమో. ఆ గదుల్లో ఎవడూ స్థిరంగా నిలబడలేడు. నిలబడితే గదా పైనుంచి చూసి తీర్పు చెప్పేది!

తంజిరో కత్తి ఎత్తి మీదికొస్తూ, పేరు పెట్టి పిలిచి మరీ, నీ విద్య (డోళ్ళతో చేసే ఆ మాయ) అద్భుతం అని అరుస్తాడు. అంతకుముందే అతని పేరు అడిగి తెలుసుకున్నాడు. తల తెగిపడుతుంది. ఒళ్ళు బూడిదవుతుంటే క్యోగై ఇంకేమీ అడగడు. తిట్టడు, ముజాన్‌ను తలచుకోడు, ప్రాణం కోసం ఏడవడు. నా విద్య నిజంగా గొప్పదేనా అని అడుగుతాడు. తనను ఇప్పుడే చంపినవాణ్ణి అడుగుతాడు! తంజిరో చెప్పిన జవాబు నీ మూడో ప్రశ్నకు కూడా జవాబు. గొప్పదే, కానీ మనుషుల్ని చంపినందుకు నిన్ను క్షమించను అంటాడు. క్యోగై 'అలాగా' అన్నట్టు ఊరుకుంటాడు. తర్వాత మనసులో, నేను రాసింది చెత్త కాదు, కనీసం ఆ కుర్రాడికి తొక్కిపారేసేది కాలేదు అనుకుంటాడు. నా విద్యకూ నా డోలుకూ గుర్తింపు దొరికింది అనుకుంటాడు. కన్నీళ్ళు కారతాయి.

చూశావా, పీట మీదికి మూడోవాడు వచ్చి కూర్చున్నాడు. ఎన్నేళ్ళో పట్టుకుని వేలాడిన ముజాన్ అంకె ఒక్క మాటతో అతని తలలోంచి జారిపోయింది. ముజాన్ మీద నిజమైన భక్తి ఉన్నవాడి విధేయత అంత తేలిగ్గా చేతులు మారదు. పోలికకు 'నరుటో' అనే ఇంకో యానిమేలో హకును తీసుకో. తన యజమాని జబూజా కోసం నేనొక పనిముట్టునని చెప్పుకుని, ఆఖరికి అతని మీదికొస్తున్న దెబ్బకు తన గుండె అడ్డం పెట్టాడు. తన విద్య ఎంత గొప్పదో చెప్పమని ఎవరినీ అడగలేదు. దిక్కులేని పిల్లాడిగా ఉన్నప్పుడు జబూజా చేరదీశాడు, ఆ ఒక్కటీ చాలు హకుకి. హకుది ఒక మనిషి మీద విధేయత. క్యోగైది ఒక మాట కోసం ఎదురుచూపు. పక్కపక్కన పెడితే తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ఇంకో మాట. ఒకవేళ క్యోగై ఆ పిల్లవాణ్ణి తిని అంకె తిరిగి తెచ్చుకుని ఉంటే? మొదటి సీజన్ 26వ ఎపిసోడ్ చూడు. మిగిలిన కిందివరసవాళ్ళను పిలిపించి ముజాన్ ఒక్కణ్ణి తప్ప అందరినీ చంపేస్తాడు. ముందు పోయింది ఆరో అంకె మీద ఉన్న కామనుయె. నోరెత్తి అన్న మాటకు కాదు, మనసులో అనుకున్న మాటకు. క్యోగై గెలిచి ఉంటే ఆ చోట తనే మోకరిల్లి ఉండేవాడు. అక్కడ మిగతావాళ్ళను కూడా చూడు. ఒకడు పారిపోతాడు, ఇంకొకడు ఇంకాస్త రక్తమిమ్మని వేడుకుంటాడు. చావుకు భయపడటం అంటే అది. తల తెగాక కూడా తన విద్య గురించి అడిగినవాడిది ఆ భయం కాదు.

ఇక జాలి సంగతి. తప్పు కాదు. అయితే జాలి ఒక్కటే రాసి వదిలేయకు. ఆ ఇంటి ముందుకు తంజిరో, తోటి వేటగాడు జెనిత్సు రాగానే మేడ మీదినుంచి ఒక మనిషి రక్తపు మడుగై కింద పడతాడు. ఇంతా చేసి బయటపడ్డాను, అయినా చచ్చిపోతానా అని గొణుగుతూ తంజిరో చేతుల్లోనే పోతాడు. అతనికి కథలో పేరు లేదు. క్యోగై కాగితాల గురించి నాలుగు పేజీలు రాసి ఆ మనిషి గురించి ఒక్క వాక్యం కూడా రాయకపోతే నీ రూమ్మేట్స్ మాటే నెగ్గుతుంది, నెగ్గాలి కూడా. తంజిరో పోరాటం అయ్యాక గాయాలతోనే ఆ ఇంట్లో చనిపోయినవాళ్ళను పూడ్చిపెడతాడు. శత్రువు విద్యను మెచ్చుకున్న చేతులే ఆ గోతులూ తవ్వాయి. వ్యాసం అక్కడిదాకా పోవాలి.

రాసేటప్పుడు ఒక జాగ్రత్త. తెర మీద చూసింది ఒక చోట, నువ్వు ఊహించింది ఇంకో చోట రాసుకో. కాగితాలు దాచుకున్నాడు అన్నది చూసింది. వాటిని ఇంకా ప్రేమించాడు అన్నది నా ఊహ. పాఠకుడికి ఆ తేడా తెలిసేలా రాస్తే నీ మాట మీద నమ్మకం కుదురుతుంది. చిన్న విలన్ల మీద రాసేవాళ్ళు చాలామంది సొంత కథ తెచ్చి ఆ బొమ్మకు తొడిగేస్తారు.

సొంత కథ అంటే గుర్తొచ్చింది. సంబంధం లేదన్నావు. ఉంది. అందుకే నీ వ్యాసం సాగట్లేదు.

నాకు 19 ఏళ్ళప్పుడు ఒక పత్రికాఫీసుకు కథ పట్టుకుని వెళ్ళాను. తెల్లకాగితాలు, ఒకవైపే రాసి, మూలన దారంతో కుట్టి. అక్కడాయన పేరేమిటో చెప్పను. మాట్లాడుతూ మాట్లాడుతూ టీ తెప్పించుకుని, గ్లాసు నా కథ మీద పెట్టారు. కావాలని కాదు, చూసుకోలేదంతే. తీశాక మొదటి పేజీ మీద గుండ్రంగా మరక. నా పాత్ర పేరు సరిగ్గా ఆ మరక కింద పడింది. కథ బాగోలేదన్న సంగతి తర్వాత పోస్టులో తెలిసింది, అది నన్ను అంతగా బాధపెట్టలేదు. నిజంగానే బాగోలేదు. ఆ మరక మాత్రం చాలా ఏళ్ళు వదల్లేదు. రెండేళ్ళు ఏమీ రాయలేదు. ఆ రెండేళ్ళూ ఆయన నన్ను రాయొద్దని అనలేదు, నేనే ఆయన అనని మాటకు లోబడి కూర్చున్నాను. 13వ ఎపిసోడ్ మా అబ్బాయి పక్కన కూర్చుని చూసినప్పుడు నేను లేచి వంటింట్లోకి వెళ్ళిపోవడానికి కారణం ఇదే.

మీ పెదనాన్న చదివారు, నచ్చలేదు. ఆ హక్కు ఆయనకుంది. బల్ల మీద పడేయడం తప్పు. ఈ రెండూ వేర్వేరు. నచ్చకపోవడం గురించి ఆయన్ని అడగాలనిపిస్తే అడుగు, "పెదనాన్నా, ఎక్కడ బోర్ కొట్టింది?" అని. జవాబు చెప్పగలిగితే నీకు పనికొస్తుంది. చెప్పలేకపోతే ఆ మాటకు అంత బరువు లేదని తెలుస్తుంది. ఆయన మీద కోపంతో వ్యాసం రాయకు, ఆయన్ని మెప్పించడానికీ రాయకు.

నోట్‌బుక్ ఎక్కడుందో ఉత్తరంలో రాయలేదు. పారేయలేదని అనుకుంటున్నాను. ముందు అది తీసి, దుమ్ము దులిపి, వ్యాసం రాసే బల్ల మీదే పక్కన పెట్టుకో. క్యోగై గురించి రాయడం పూర్తయ్యాక ఆ కథల్లో ఒకటి శుభ్రంగా తిరగరాసి నాకు పంపు. చదువుతాను. నచ్చనిచోట నచ్చలేదనే రాస్తాను, పెన్సిల్‌తో, అంచున. విడి కాగితాల మీద రాస్తే పేజీ నంబర్లు వేయడం మాత్రం మర్చిపోకు. మా ఇంట్లో ఫ్యాన్ గాలి ఎక్కువ.